కుడి పక్కన పెట్టిన సున్నా

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, మడత కూడా పడని ఇంజనీరింగ్ పట్టా, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్ళే పొద్దుటి ప్యాసింజర్‌లో కిటికీ పక్క సీటు, ఒళ్ళో అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా. ఇన్ని ఉన్న మనిషికి సందేహాలెక్కడి నుంచి వస్తాయి? ఎదురు సీట్లో వాళ్ళు "ఉద్యోగమేంటమ్మా?" అని మర్యాదకి అడిగితే చాలు, పూళ్ళ దగ్గర మొదలుపెట్టి దెందులూరు దాటేదాకా చెప్పేదాన్ని. "కంప్యూటర్ తప్పు చెయ్యదండీ, మనుషులే చేస్తారు" అన్నది నాకు చాలా ఇష్టమైన వాక్యం. (ఆ వాక్యం నిజమే. ఆ 'మనుషులు' అన్న మాటలో నేను కూడా ఉంటానని మాత్రం అప్పుడు తోచలేదు.) ఇప్పుడు ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతో పాటు ఇంకొకటి కూడా వస్తుంది. అదేమిటో చెప్పడానికే ఇదంతా.

మా ఆఫీసు ఏలూరు పవర్‌పేటలో ఒక బట్టల కొట్టు మీది రెండు గదులు. యజమానికి నేను పెట్టుకున్న పేరు రేపటికల్లా గారు. ఏ పని చెప్పినా చివర ఆ మాట ఉండేది. ఇంటర్వ్యూలో ఆయన నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. "డేటాబేస్ వచ్చామ్మా?" అన్నారు. వచ్చండీ అన్నాను. "రేపటికల్లా వచ్చేస్తావా?" అన్నారు. డేటాబేస్ గురించి అడుగుతున్నారో, నా గురించి అడుగుతున్నారో తేలక దానికీ వస్తానండీ అనేశాను. ఉద్యోగం వచ్చింది. నాకు ముందు అక్కడ ఒక ఇంజనీరు ఉండేవాడు. నేను చేరడానికి రెండు నెలల ముందే మానేసి వెళ్ళిపోయాడు. నేనెప్పుడూ అతన్ని చూడలేదు. అతను రాసిన ప్రోగ్రాముల్లో అక్కడక్కడా రెండు పొడి అక్షరాలు కనిపించేవి, అంతే. ఆఫీసులో ఏది చెడినా, ఆఖరికి ఫ్యాను తిరగకపోయినా, రేపటికల్లా గారు "అదంతా ఆ పాత కుర్రాడి నిర్వాకమమ్మా" అనేవారు. ఎదురుగా లేని మనిషి అంత ఉపయోగపడతాడని నేను నేర్చుకున్నది అక్కడే.

చేరిన రెండో నెలలో నాకు పూర్తిగా నా సొంతమైన పని దొరికింది. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద, కొల్లేరు అంచున, ఒక రొయ్యల షెడ్డు ఉండేది. చుట్టుపక్కల లంకల నుంచి అరవై మంది దాకా ఆడవాళ్ళు వచ్చి, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్ళలో చేతులు ముంచి రొయ్యల తలలు తీసేవారు. వాళ్ళ రాకపోకలు రాయడానికి గేటు దగ్గర ఒక హాజరు మిషను పెట్టారు. వచ్చేటప్పుడు కార్డు చూపించాలి, వెళ్ళేటప్పుడు చూపించాలి. మిషను పెట్టించింది పాత ఇంజనీరే. అది గంటని ఒక కాలమ్‌లో, నిమిషాన్ని ఇంకో కాలమ్‌లో, ఉత్తి అంకెలుగా దాచుకునేది. నిమిషాన్ని కూడా అయిదేసి లెక్కన పైకి సర్ది రాసుకునేది. అంటే ఎనిమిది దాటి మూడు నిమిషాలకి కార్డు పెడితే, ఒక గడిలో ఎనిమిది, పక్క గడిలో అయిదు. ఆ రెండు గడుల్నీ కలిపి, మధ్యలో రెండు చుక్కలు పెట్టి, మనుషులు చదువుకునే టైములాగా ప్రతి శనివారం ఒక జాబితా అచ్చు తీసే క్వెరీ, అంటే డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం, రాయాలి. అదీ నా పని. ఇంతేనా అనుకుంటున్నారు కదా, నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి జాబితా పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. అక్కడి సూపర్‌వైజర్ని అందరూ విజిల్ గారు అనేవారు. మిషను రాకముందు గేటు దగ్గర నిలబడి ఎనిమిదింటికి విజిల్ ఊదడం ఆయన పని. మిషను వచ్చాక ఆ పని పోయింది, మెడలో విజిల్ మాత్రం మిగిలింది. పొద్దున పూట ఐసు గది పక్కన కుర్చీ వేసుకుని టీ తాగేవారు. ఆయన జాబితా చూసి మొహం అదోలా పెట్టారు.

"ఇదేంటమ్మా ఇంజనీరమ్మా, కొన్నిటికి వెనకాల రెండంకెలున్నాయి, కొన్నిటికి ఒకటే ఉంది. ఎనిమిదీ సున్నా అంటే ఏంటి? పళ్ళూడిన నోరులా ఉందమ్మా, ఓనరు గారికి చూపిస్తే బాగోదు."

నాకు రోషం వచ్చింది. అక్కడే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. అంకె కురచగా ఉంటే సున్నా చేర్చి రెండంకెలు చేసే సదుపాయం డేటాబేస్‌లో ఉంటుంది. ఎడమ పక్క చేర్చేది ఒకటి, కుడి పక్క చేర్చేది ఒకటి. రెండిటి పేర్లకీ మొదటి అక్షరం ఒక్కటే తేడా. నేను కుడి పక్కది కొట్టాను. ఎందుకు కొట్టానంటే కారణం లేదు. రొయ్యల వాసనకి తల తిరుగుతోందని ఎన్నో ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను కానీ, అది కూడా సాకే. కొట్టాక సరిచూశాను కూడా. 'ఎనిమిదీ సున్నా' అన్న వరుస 'ఎనిమిదీ సున్నా సున్నా' అయింది. ఎంత ముచ్చటగా ఉందో! సున్నాకి ఎడమ పక్కన సున్నా పెట్టినా, కుడి పక్కన పెట్టినా ఒకటేనని, అయిదుకి మాత్రం అలా కాదని, ఎడమన పెడితే అయిదు నిమిషాలు, కుడిన పెడితే యాభై నిమిషాలని ఒకటో తరగతి పిల్లలకి తెలుసు. నేను నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను కదా, ఇంకో వరుస చూడాలనిపించలేదు. విజిల్ గారు "ఇప్పుడు లక్షణంగా ఉందమ్మా" అన్నారు. ఆ వారం నేను ఇంటికి స్వీటు పొట్లం తీసుకెళ్ళాను.

ఆ షెడ్డులో హాజరుకి ఒక పద్ధతి ఉండేది. ఎనిమిదీ పది దాకా వస్తే ఎవరూ ఏమీ అనరు. ఎనిమిదిన్నర దాటితే సగం రోజు కింద లెక్క. వారంలో మూడు సగాలు పడితే పేరు కొట్టేస్తారు. దాదాపు ఆడవాళ్ళంతా షెడ్డు వ్యాన్‌లో ఎనిమిదిలోపే దిగిపోయేవారు. వ్యాన్ తిరగని వైపు నుంచి వచ్చేది ఒక్కావిడ. నలభై ఏళ్ళుంటాయేమో. ఆవిణ్ణి తోటివాళ్ళు మట్టగిడస అని పిలిచేవారు. నీళ్ళు తీసేసిన చెరువులో కూడా బురదలో దూరి బతికే చేప అది. జ్వరమొచ్చినా, వానొచ్చినా మానకుండా పనిలోకి వస్తుందని ఆవిడకా పేరు. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ ఎనిమిదింటి ఆర్టీసీ బస్సు దిగి, మూడు నిమిషాలు నడిచి, గేటు దగ్గర కార్డు పెట్టేది. మిషను దాన్ని ఎనిమిదీ అయిదు అని రాసుకునేది. నా జాబితా దాన్ని ఎనిమిదీ యాభై అని అచ్చు తీసేది. వారంలో ఆరు రోజులూ.

రెండో శనివారం నేను వెళ్ళేసరికి ఆవిడ గేటు బయట నిలబడి ఉంది. చీర కొంగు నడుముకి బిగించి, చేతిలో ఆ హాజరు కార్డు పట్టుకుని, నన్ను చూడగానే ఎదురొచ్చింది.

"పాపగారండీ, ఒక్క మాటండి. నేను రోజూ ఎనిమిదింటి బస్సు దిగుతానండి. దిగి నడిచొత్తే ఎంత సేపండి? ఆ కాయితంలో ఎనిమిదీ యాభై అని ఉందంటున్నారండి. నా పేరు కొట్టేశారండి."

"బస్సు లేటుగా వస్తోందేమో పిన్నిగారూ."

"ఒక రోజంటే లేటండి, ఆరు రోజులూ లేటవుద్దాండి? లోపల అందరూ చూశారండి. నేను కూర్చున్నాక కదండీ మొదటి బుట్ట వచ్చేది."

లోపల ఇద్దరు ముగ్గురు అవునన్నారట కూడా. "మిషను కంటే మీకెక్కువ తెలుసా?" అని విజిల్ గారు కసిరేసరికి తలలు దించుకున్నారట. ఆయన గేటు దగ్గర ఉండి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. లేనన్న సంగతి ఆయన ఒప్పుకోలేరు కదా. ఇంక మిగిలింది నేను. ఆవిడ మొహంలోకి చూసి, ఎంతో ఓపికగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను.

"చూడండి పిన్నిగారూ, మనం పొరపాటు పడొచ్చు. కంప్యూటర్ అబద్ధం చెప్పదండీ."

ఆవిడ "నేనూ చెప్పనండి" అంది. అని, కార్డు నా చేతిలో పెట్టి, రోడ్డు ఎక్కి వెళ్ళిపోయింది. ఆ కార్డుని నేను బాధ్యతగా విజిల్ గారికి అప్పగించాను.

ఆ నెలాఖరున షెడ్డులో చిన్న సభ జరిగింది. నా జాబితా వచ్చాక ఓనరు గారికి హాజరు మీద మక్కువ పెరిగింది. కాగితం చూసుకుంటూ ఆయన ఒక విశేషం కనిపెట్టారు. ఆడవాళ్ళు షెడ్డు కడిగి అయిదున్నరకి వ్యాన్ ఎక్కుతుంటే, విజిల్ గారు మాత్రం రోజూ అయిదూ యాభై దాకా ఉంటున్నారు! అందరూ వెళ్ళాక ఇరవై నిమిషాలు ఒంటరిగా నిలబడి తాళాలు చూసుకునే మనిషిని గౌరవించాలని ఓనరు గారు శాలువా తెప్పించారు. (విజిల్ గారు రోజూ అయిదు దాటీ దాటగానే, ఆడవాళ్ళింకా కడుగుతూ ఉండగానే, కార్డు పెట్టి బండెక్కేవారు. అయిదూ అయిదు. నా సున్నా చలవ వల్ల అయిదూ యాభై.) ఆయనకి తన సంగతి తెలియకపోవడమేమిటి, బాగా తెలుసు. అయినా తల వంచి శాలువా కప్పించుకున్నారు. ఇంతమంచి జాబితా ఇచ్చినందుకు నన్ను కూడా వేదిక మీదికి పిలిచారు. వేదికంటే రెండు ఐసు పెట్టెల మీద వేసిన చెక్క. నేను ఎక్కి గట్టిగా చప్పట్లు కొట్టాను. కింద ఆడవాళ్ళు ఎందుకో కొట్టలేదు. వాళ్ళకి కృతజ్ఞత లేదనుకున్నాను.

ఇంకో రెండు వారాలకి ఓనరు గారు పొద్దున్నే ఏదో మాట్లాడాలన్నారని, చీకటితోనే తాడేపల్లిగూడెంలో బయల్దేరి, ఏలూరులో, షెడ్డు దగ్గరికి ఎనిమిదింటికి చేరే ఆ బస్సే ఎక్కాను. దిగి నడిచాను. చెరువుల మీద పొగమంచు, గట్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు, నాకు హుషారుగా ఉంది. గేటు దగ్గర నాకిచ్చిన విజిటర్ కార్డు పెట్టి లోపలికెళ్ళాను. మధ్యాహ్నం ఓనరు గారికి ఆ రోజు జాబితా అచ్చు తీసి చూపిస్తుంటే ఆయన నవ్వారు.

"ఏమ్మా, అందర్నీ లేటని పట్టుకుంటావు, నువ్వే ఎనిమిదీ యాభైకి వచ్చావే!"

"లేదండీ, నేను ఎనిమిదింటి బస్సు దిగానండీ. దిగి నడిచొస్తే ఎంతసేపండీ?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకు వినిపించింది. అది నా మాట కాదు. గేటు బయట కొంగు బిగించుకుని నిలబడ్డ మనిషి మాట.

"కంప్యూటర్ అబద్ధం చెప్పదని నువ్వే కదమ్మా చెప్పింది" అని ఆయన సరదాగా అంటూనే ఉన్నారు. నేను లాప్‌టాప్ తెరిచి చూశాను. ఎనిమిది ఒక గడిలో, అయిదు పక్క గడిలో, రెండూ పాపం ఎంతో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. తప్పు వాటిది కాదు. వాటిని అతికించిన వరుసలో ఒక్క అక్షరం మార్చాను. జాబితా సరిపోయింది. అరనిమిషం పట్టింది.

ఆఫీసుకి వచ్చి రేపటికల్లా గారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, తెరిచి, "దిద్దేశావు కదా?" అన్నారు. దిద్దానండీ అన్నాను. "అయితే దాన్ని వెర్షన్ టూ అందాం. తప్పని ఎక్కడా అనకు. రేపటికల్లా ఓనరు గారికి ఒక లెటర్ పెట్టు, మెరుగైన సమయ ప్రదర్శన అని." పేరు కొట్టేసిన ఆవిడ సంగతో అని అడిగాను. "మళ్ళీ పెట్టుకుంటార్లేమ్మా, పనివాళ్ళ కరువు ఉంది" అన్నారు. లెటర్ నేనే టైపు చేశాను. అంత చక్కటి భాష నేను అంతకుముందూ రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు.

కానీ నిద్ర పట్టలేదు. ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఆ బస్సెక్కి, పిన్ని ఎక్కే స్టాపులో దిగి, అడుక్కుంటూ లంకలోకి నడిచాను. ఆవిడ ఒక చేపల చెరువు గట్టు మీద, చిల్లులు పొడిచిన సంచుల్లోకి తవుడు ఎత్తుతోంది. చేపలకి మేత అలా సంచుల్లో వేలాడదీస్తారు. ఒళ్ళంతా తవుడు. నన్ను చూసి లేవలేదు.

"పిన్నిగారూ, మీరు ఎనిమిదీ అయిదుకే వచ్చేవారు. నాకు తెలిసింది."

"నాకు ముందే తెలుసు కదండి" అంది. కాసేపు తవుడు ఎత్తి, చేతులు దులుపుకుని, అప్పుడు చెప్పింది. "పని పోతే పోయిందండి, ఎక్కడోచోట రెక్కలాడించుకుంటాం. ఎనిమిదింటికి బస్సు దిగిన మనిషి ఎనిమిదీ యాభైకి లోపలికెళ్తే మధ్యలో ఎక్కడికెళ్ళినట్టండి? మా ఆయన అడిగాడండి. మొదట నవ్వుతూనే అడిగాడండి. తరవాత నవ్వకుండా అడిగాడండి. మా ఆడబిడ్డ ఊరంతా అడిగిందండి. ఆ ముప్పావు గంట ఎక్కడుందో నేనెక్కణ్ణుంచి తెచ్చి చూపించనండి?"

నేను ఒక సున్నా తప్పు పెట్టాననుకున్నాను. ఆ సున్నా ఒక ఇంట్లోకి వెళ్ళి కూర్చుని ఇంత పని చేస్తోందని తెలియదు. ఏం చెయ్యమంటారు పిన్నిగారూ అన్నాను.

"అదే గేటు దగ్గర, ఆ ఆడోళ్ళందరి ముందూ చెప్పండి పాపగారండీ. ఎనిమిదీ అయిదుకే వచ్చేదని చెప్పండి, చాలు. మా ఆయన్ని కూడా తీసుకొత్తాను."

రాత్రే ఫోన్ చేసి సంగతి చెప్పేశాను కాబట్టి, సోమవారం పొద్దున గేటు దగ్గర రేపటికల్లా గారు కూడా నా పక్కన నిలబడ్డారు. నేను ఒక్కదాన్నీ వెళ్తే ఏం మాట్లాడతానోనని ఆయన భయం. విజిల్ గారు వచ్చి నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "పొద్దుటి తప్పు సంగతి చెప్పమ్మా, మంచిదే. సాయంత్రం సంగతి ఇప్పుడెందుకు?" అన్నారు. వ్యాన్ దిగిన ఆడవాళ్ళంతా గుమిగూడారు. రోడ్డు అవతల సైకిలు పట్టుకుని ఒకాయన నిలబడ్డాడు, పిన్ని భర్త. ఆవిడ గేటు మధ్యలో నిలబడింది. నేను గొంతు సవరించుకుని అన్నాను కదా, "ఇది సిస్టమ్ ఎర్రర్ అండీ. డిస్‌ప్లే ఇష్యూ." అరవై మంది ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తెలుగులో చెప్పండి పాపగారండీ" అంది పిన్ని.

"పిన్నిగారు రోజూ ఎనిమిదీ అయిదుకే వచ్చేవారు. కాగితంలో యాభై అని తప్పుగా పడింది."

గుంపులోంచి ఎవరో, సన్నగా పొడుగ్గా ఉన్నావిడ, "తప్పుగా పడేలా చేసిందెవరండీ మరి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. నేనని చెప్పడానికే నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. ఆ నోట్లోంచి వచ్చిన మాట, "నాకు ముందు పనిచేసిన ఇంజనీరు."

రేపటికల్లా గారు ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆడవాళ్ళు ఆ ఇంజనీరు చేతులు అక్కడికక్కడే మాటలతో విరిచేశారు. "వాడి చేతులు పడిపోను", "ఆడకూతురి కాపురంతో ఆటలా" అంటూ తలా ఒక మాటా అన్నారు. రోడ్డు అవతల ఆయన సైకిలు స్టాండు వేసి, వచ్చి, అందరి ముందూ భార్య పక్కన నిలబడ్డాడు. పిన్ని మర్నాటి నుంచి పనిలోకి వచ్చింది. పేరు రాసుకున్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆ తర్వాత నేను షెడ్డుకి వెళ్ళినప్పుడల్లా పిన్ని నన్ను వెతుక్కుంటూ వచ్చేది. "ఎవరో చేసిన తప్పుకి ఈ పాపగారు మా గట్టు దాకా నడిచొచ్చారే" అని కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించేది. ఒకసారి రొయ్యల పచ్చడి సీసా ఇచ్చింది. ఇంకోసారి, వద్దంటున్నా వినకుండా, బతికున్న కొర్రమేనుని గోనెసంచిలో చుట్టి ఇచ్చింది. అది ప్యాసింజర్ రైల్లో భీమడోలు దగ్గర సంచి విప్పుకుని సీట్ల కింద పడి పెట్టెలో వాళ్ళందర్నీ బెంచీల మీదికెక్కించింది. అందరూ నన్ను తిట్టారు. ఆ తిట్లు నాకెంత హాయిగా ఉన్నాయో చెప్పలేను. ఎందుకో తెలిసి తిట్టినవాళ్ళు కాకపోయినా, ఎవరో ఒకరు తిట్టారు కదా అనిపించింది. చేపని పట్టి ఇంటికి తీసుకెళ్ళాం. అమ్మ పులుసు పెట్టింది. తిన్నాను. విజిల్ గారి శాలువా మీద అప్పటికి నాలో మిగిలున్న వెక్కిరింతంతా ఆ పులుసుతో పోయింది.

ఏడాదికి ఆ ఉద్యోగం మానేశాను. వేరే ఊళ్ళు, పెద్ద ఆఫీసులు తిరిగాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలోనే ఇంటి నుంచి పని చేస్తున్నాను. నా కింద ఆరుగురు పనిచేస్తారు. ఎవరైనా టైముని రెండు కాలమ్‌లుగా దాచుకుంటే నేను ఊరుకోనని వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటారని నాకు తెలుసు. కారణం ఎప్పుడూ చెప్పలేదు. పోయినేడు ఏదో పెళ్ళికని కైకలూరు వెళ్తుంటే షెడ్డు కనిపించింది. మూతపడి చాలా కాలమైందట, గేటు తుప్పు పట్టింది. కారు వెనక్కి తిప్పించి, పిన్ని వాళ్ళ లంక దగ్గర ఆపించాను. ఆవిడ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. పట్టాక చేతులు రెండూ పట్టుకుంది. ఆ చేతులు వదిలించుకుని మరీ చెప్పాను.

"పిన్నీ, ఆ తప్పు పాత ఇంజనీరుది కాదు. నాది. ఆ రోజు గేటు దగ్గర అబద్ధం చెప్పాను."

ఆవిడ తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. 'పోన్లెండి పాపగారండీ' అంటుందని లోపల్లోపల ఆశపడ్డాను కూడా, అబద్ధమెందుకు. ఆవిడ ముంగిట్లో కోళ్ళకేసి చూసింది.

"మా ఆయన పోయి రెండేళ్ళయిందండి" అంది. "పోయేదాకా ఆ ఇంజనీరుని తిడతానే ఉన్నాడండి. నేనూ తిట్టానండి. ఒంట్లో బాగోనప్పుడల్లా, వాడు చల్లగా ఉండడని శాపాలు పెట్టానండి. ఎవరు కన్న బిడ్డో ఏంటో. ఏ పాపం ఎరగని మనిషిని అన్నేళ్ళు అనిపించారు కదండీ మా చేత." నా మొహంలోకి చూసింది. "చెయ్యని దానికి మాట పడితే ఎట్టా ఉంటాదో నాకు తెలుసు కదండి. నాకు చెప్తే ఏం లాభమండి? ఆ బాబుకి చెప్పారా?"

లేదన్నాను.

"ముందు ఆ బాబుకి చెప్పండి" అంది. మంచినీళ్ళిచ్చింది. ఆ రోజు పచ్చడి ఏమీ ఇవ్వలేదు.

ఆ రెండు పొడి అక్షరాలు పట్టుకుని, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఇరవై రోజులకి అతని నంబరు సంపాదించాను. సాఫ్ట్‌వేర్ ఎప్పుడో వదిలేశాడట. జంగారెడ్డిగూడెం దగ్గర ఆయిల్ పామ్ మొక్కల నర్సరీ నడుపుతున్నాడు. మొక్కల కోసం అనుకుని "ఎన్ని ఎకరాలకండీ?" అని మొదలుపెట్టాడు. నేను నా పేరు చెప్పి, ఆఫీసు చెప్పి, షెడ్డు చెప్పి, సున్నా సంగతీ, గేటు సంగతీ, తిట్ల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాను. క్షమించండి అన్నాను.

"ఏవండీ, నాకు ఆ షెడ్డే సరిగ్గా గుర్తులేదండీ" అన్నాడు. "అయితే అన్నేళ్ళ నుంచీ ఇద్దరు మనుషులు నన్ను రోజూ తలుచుకుంటున్నారన్నమాట. మా వాళ్ళే తలుచుకోరండీ అంత." నవ్వాడు. "ఆవిడ నంబరుంటే ఇవ్వండి. నేను బాగానే ఉన్నానని చెప్తాను. పాపం బెంగ పెట్టుకునుంటుంది."

నంబరిచ్చాను. ఆ ఇద్దరూ ఫోన్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు ఉందనీ అనుకోను. కిటికీ పక్క సీట్లో కూర్చుని లోకానికంతా పాఠాలు చెప్పిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఇప్పుడు ఎదురొస్తే నాలుగు దులపాలని చాలాకాలం అనుకునేదాన్ని. ఇప్పుడు అంత కోపం లేదు. పక్కన కొంచెం చోటిస్తే కూర్చుని, "'నేనే' అన్న మాట చెప్పడానికి నీకు ఇంకా చాలా ఏళ్ళు పడుతుందే తల్లీ" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఆ పిల్ల వినదు. నాకు తెలుసు.